అడగాల్సిన మాట, అడగనివ్వాల్సిన మాట

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రోగాల గురించి కాదు, మందులంగడి గురించే. డాక్టరు చీటీ అడిగారని కొందరికి కోపం, అడగలేదని కొందరికి భయం. ఒకే తీరువి కలిపేసి, అవసరమైన చోట పొడుగ్గా, మిగతా చోట నాలుగు ముక్కల్లో జవాబులు రాశాం.

ప్రశ్న: ఇంటర్ చదివే మా అబ్బాయికి మూడు రోజులుగా జ్వరం, గొంతు నొప్పి. పోయినసారి డాక్టరు రాసిన సెఫిక్సిమ్ ఖాళీ స్ట్రిప్పు చూపించి అవే ఇవ్వమంటే, చీటీ లేకుండా ఇవ్వనన్నారు. పక్క వీధిలో అడగ్గానే ఇచ్చారు. మొదటి అంగడాయనకు వ్యాపారం చేతకాదా, నిజంగానే రూలుందా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: రూలుందమ్మా. సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ ‘షెడ్యూల్ హెచ్‌1’ మందు. 2013లో ప్రకటించి, 2014 మార్చి 1 నుంచి అమల్లోకి తెచ్చిన జాబితా అది. మొదట 46 మందులు పెట్టారు: గట్టి యాంటీబయాటిక్స్, క్షయ మందులు, అలవాటు పడిపోయే నిద్రమాత్రలు వగైరా. వీటిలో ఏది అమ్మినా డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చిందీ విడిగా ఒక రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. చీటీ లేనప్పుడు డాక్టరు పేరుండాల్సిన గడిలో ఆయన ఏం రాస్తాడు? పక్క వీధి అంగడిలో ఆ గడి ఖాళీగా ఉండి ఉంటుంది, లేదా అబద్ధంతో నిండి ఉంటుంది.

మీ చేతిలో ఉన్న ఖాళీ స్ట్రిప్పునే తిప్పి చూడండి. ఎర్ర రంగులో ‘ఆర్‌ఎక్స్’ గుర్తు, ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక కనిపిస్తే అది హెచ్‌1. అమోక్సిసిలిన్, అజిత్రోమైసిన్ లాంటివి మామూలు ‘షెడ్యూల్ హెచ్’. వాటికి రిజిస్టరు బాధ లేదు గానీ చీటీ మాత్రం ఉండాల్సిందే. చాలా స్ట్రిప్పుల మీద నిలువుగా ఒక ఎర్ర గీత కూడా ఉంటుంది. చదువు రానివాళ్ళు సైతం గుర్తుపట్టాలని పెట్టిన గీత అది.

రూలు పక్కన పెట్టి రోగం చూద్దాం. గొంతు నొప్పుల్లో ఎక్కువ వైరస్ వల్ల వచ్చేవే. ముక్కు కారుతూ, దగ్గు కూడా ఉంటే ఇంకా అటే మొగ్గు. దగ్గు లేకుండా టాన్సిళ్ళ మీద తెల్లటి చీము, దవడ కింద ముట్టుకుంటే నొప్పెట్టే గడ్డలు ఉంటే అప్పుడు యాంటీబయాటిక్ అవసరం పడొచ్చు. గొంతులోకి లైటు వేసి చూసిన డాక్టరే అది తేల్చాలి. వైరస్ జ్వరానికి సెఫిక్సిమ్ వేస్తే ఆ వైరస్‌కు ఏమీ కాదు. పేగుల్లో ఉండే బ్యాక్టీరియాలో మెత్తనివి చచ్చి, మొండివి మిగిలి, ఉన్న చోటంతా అవే ఆక్రమిస్తాయి. రేపు అదే అబ్బాయికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే ఆ మొండివే ఎదురు తిరుగుతాయి. ఒకరి నోట్లో వేసుకున్న బిళ్ళ ఇంటిల్లిపాదికీ చుట్టుకునేది ఇలాగే.

చీటీ లేకపోయినా ఆ అంగడాయన మీకు ఇవ్వగలిగినవి ఉన్నాయి. పెద్దవాళ్ళకు పారాసెటమాల్ 500 లేదా 650, ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు మించకుండా. గొంతుకు ఉప్పునీళ్ళ పుక్కిలింత. ఇక్కడొక జాగ్రత్త: వానల రోజుల్లో వచ్చిన జ్వరమైతే డెంగీ కాదని తేలేదాకా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ దగ్గరికి రానివ్వకండి. అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. ‘ఒంటి నొప్పులకు ఒకటి కలిపిస్తా’ అని అంగట్లో ఎవరైనా అంటే, కలిపేది ఏమిటో పేరు అడగండి. మూడో రోజు దాటింది కాబట్టి డాక్టరుకు చూపించి రక్త పరీక్ష చేయించండి. డెంగీకి ఎన్‌ఎస్‌1 పరీక్ష మొదటి ఐదు రోజుల్లో బాగా పనికొస్తుంది. జ్వరం దిగింది కదా అని నిశ్చింతగా ఉండకూడని రోగమిది. దిగే సమయంలోనే కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం లాంటివి మొదలవుతాయి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నేరుగా ఆసుపత్రికే.

ప్రశ్న: పాపకు రెండున్నరేళ్ళు. జ్వరం మందు ఇంట్లో మూడు రకాల సీసాలున్నాయి. మా అత్తయ్య ఒక చెంచా అంటుంది, సీసా మీద ఎంఎల్‌లో ఉంది, అంగట్లో ‘పెద్ద చెంచా’ అన్నారు. ఎంత పోయాలి?
– ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: పాప వయసు చెప్పారు, బరువు చెప్పలేదు. జ్వరం మందు లెక్కంతా బరువు మీదే నడుస్తుంది. పారాసెటమాల్ కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 15 చొప్పున 12 కిలోల పాపకు ఒక మోతాదు 180 మిల్లీగ్రాములు అవుతుంది.

ఇప్పుడు మీ మూడు సీసాలూ వరసగా పెట్టుకుని, పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న అంకె చదవండి. ఒకదాని మీద ‘ప్రతి 5 ఎంఎల్‌లో 120 ఎంజీ’ అని ఉంటుంది. దానిలో 12 కిలోల పాపకు 7.5 ఎంఎల్. రెండోది ‘5 ఎంఎల్‌లో 250 ఎంజీ’. దానిలో 3.6 ఎంఎల్ చాలు. మూడోది డ్రాపర్ ఉన్న చిన్న సీసా, ‘ప్రతి ఎంఎల్‌లో 100 ఎంజీ’. దానిలో 1.8 ఎంఎల్. మూడిటిలోనూ మందు ఒకటే, చిక్కదనం వేరు. ప్రమాదం జరిగేది ఎక్కడంటే, డ్రాప్స్ సీసా తీసుకుని సిరప్ లెక్కలో 7.5 ఎంఎల్ పోసినప్పుడు. అప్పుడు పాప కడుపులోకి పోయేది 750 మిల్లీగ్రాములు, అంటే నాలుగు మోతాదులకు పైనే. రోజంతా అలా పోస్తే కాలేయం దెబ్బతింటుంది. కాబట్టి పాపకు పనికొచ్చే సీసా ఒక్కటే ఉంచుకుని, మిగతా రెండూ ఇంట్లోంచి తీసేయండి.

చెంచా మాట మరచిపోండి. ఒక్కో ఇంటి చెంచాది ఒక్కో కొలత. సీసాతో వచ్చిన మూతకప్పు మీద 2.5, 5, 7.5, 10 గీతలుంటాయి. 3.6 లాంటి కొలతకు సూది లేని 5 ఎంఎల్ సిరంజి అడగండి, కొన్ని రూపాయల్లో వస్తుంది. మందును దవడ పక్కగా మెల్లగా వదలండి. నాలుక వెనక చిమ్మితే పొలమారుతుంది. సీసాను ముందు బాగా కుదపాలి, లేదంటే మొదటి రోజు పలచన, చివరి రోజు చిక్కన. మోతాదుకూ మోతాదుకూ కనీసం నాలుగు గంటలు, 24 గంటల్లో నాలుగు సార్లకు మించకూడదు. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరమొస్తే సీసా వెతక్కుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

జలుబు సిరప్ ఒకటి కూడా పోస్తుంటే దాని లేబులు మీద పారాసెటమాల్ ఉందేమో చూడండి. చాలావాటిలో ఉంటుంది. రెండూ పోస్తే మోతాదు రెట్టింపవుతుంది. అసలు దగ్గు, జలుబు సిరప్‌లు రెండేళ్ళ లోపు పిల్లలకు వద్దని, ఐదేళ్ళ లోపు వాళ్ళకు మామూలుగా అక్కర్లేదని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో మళ్ళీ చెప్పింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన సిరప్‌ల మీద ‘నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడరాదు’ అని అచ్చు వేయాలని 2023 డిసెంబరు నుంచే ఆదేశం ఉంది. మీ పాప ఆ గీత ఇవతలే ఉంది.

పొడి రూపంలో వచ్చే యాంటీబయాటిక్ సిరప్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాం, అందులో తప్పు జరగని ఇల్లు తక్కువ. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్ళు గీతకు కొంచెం కిందదాకా పోసి, కుదిపి, నురగ దిగేదాకా ఆగి, మళ్ళీ సరిగ్గా గీత దాకా పోయాలి. నురగను చూసి గీత వచ్చేసిందనుకుంటే నీళ్ళు తక్కువై మందు చిక్కనవుతుంది. వేడి నీళ్ళు పోస్తే మందు చెడుతుంది. అమోక్సిసిలిన్‌తో క్లావులనేట్ కలిసినదైతే కలిపాక ఫ్రిజ్‌లో ఉంచి ఏడు రోజుల్లో వాడాలి, మిగిలింది పారబోయాలి. ఎలా కలపాలో తెలియకపోతే అంగట్లోనే ఫార్మసిస్టును కలిపి చూపించమనండి. అడిగితే చేసి చూపించాల్సిన పనే అది.

ప్రశ్న: మా నాయనకు వేలూరులో వైద్యం. అక్కడ రాసిన బీపీ మందు చిత్తూరులో దొరకలేదు. ‘ఇదే మందు, వేరే కంపెనీ’ అని ఇచ్చారు. వేసుకోవచ్చా? జనరిక్ అయితే ఇంకా చవక అంటున్నారు.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీ ఊళ్ళో ఈ ప్రశ్న తప్పదు. సరిహద్దు దాటితే అంగళ్ళకు సరుకు పంపే ఏజెన్సీలు మారతాయి, వాళ్ళ దగ్గర కదిలే బ్రాండ్లూ మారతాయి.

చట్టం ప్రకారం డాక్టరు బ్రాండు పేరు రాస్తే, అదే రసాయనం ఉన్నా వేరే బ్రాండు ఇవ్వడానికి అంగడికి అధికారం లేదు. 1945 నాటి ఔషధ నిబంధనల్లో 65వది ఈ మాటే అంటుంది. జరిగేది వేరు, అది అందరికీ తెలుసు. కాబట్టి మార్చక తప్పనప్పుడు డాక్టరుకో, ఆసుపత్రి నంబరుకో ఫోను చేసి అడగాలి. ఆ ఫోను చేసేలోపు మీరే సరిచూడాల్సినవి మూడున్నాయి.

బ్రాండు పేరు వదిలేసి, దాని కింద ఉండే అసలు మందు పేరు రెండు స్ట్రిప్పుల మీదా పోల్చండి. బీపీ మందుల్లో మోసపోయేది బ్రాండు చివరి అక్షరాల దగ్గర. టెల్మిసార్టాన్ 40 ఒక్కటే ఉన్నది ఒకటి, ‘ఏఎం’ అని ఉంటే దానికి ఆమ్లోడిపిన్ 5 కలిసింది, ‘హెచ్’ అని ఉంటే మూత్రం ఎక్కువ పోయించే హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసింది. డబ్బా రంగు, ముందు పేరు ఒకటే. నాయనకు ‘ఏఎం’ బదులు ‘హెచ్’ పడితే సోడియం తగ్గి, రెండు వారాలకు కళ్ళు తిరిగి పడిపోతే, దాన్ని వయసు మీదికి నెట్టేస్తారు. రెండోది, బలం: 25, 50, 0.25, 0.5. చుక్క కనపడక పదింతలైన సందర్భాలు ఉన్నాయి. మూడోది, పేరు వెనక ‘ఎస్‌ఆర్’, ‘ఎక్స్‌ఎల్’, ‘ఈఆర్’ ఉంటే అది మెల్లగా కరిగే మాత్ర. దాని బదులు మామూలు మాత్ర ఇస్తే రోజుకొకటి సరిపోదు. మెల్లగా కరిగేదాన్ని నలిపో, నమిలో మింగితే రోజు మందంతా ఒక్కసారి దిగుతుంది.

కొన్ని మందులకు బ్రాండు మార్చకపోవడమే మేలు. మూర్ఛకు ఫెనిటోయిన్, రక్తం పలచబరిచే వార్ఫరిన్, థైరాయిడ్‌కు లెవోథైరాక్సిన్. వీటిలో చిన్న తేడా కూడా ఒంటికి తెలుస్తుంది. తప్పక మారిస్తే డాక్టరుకు చెప్పి మళ్ళీ రక్త పరీక్ష చేయించాలి.

జనరిక్ అంటే బ్రాండు పేరుతో కాక అసలు పేరుతో అమ్మే మందు, నాసిరకం కాదు. డాక్టరును చీటీలో బ్రాండుతో పాటు మందు అసలు పేరు కూడా పెద్దక్షరాల్లో రాయమని అడగండి. ఆ చీటీతో జన ఔషధి కేంద్రంలో ఇబ్బంది లేకుండా తెచ్చుకోవచ్చు, ధర చాలా మందులకు సగం కంటే తక్కువే. ‘జన ఔషధి సుగమ్’ యాప్‌లో దగ్గరి కేంద్రం, ధర రెండూ కనిపిస్తాయి. బీపీ, షుగరు మందులైతే నెలరోజులవి ఒక్కసారే తెచ్చుకోండి. స్టాకు లేదని రెండు రోజులు మానేస్తే, చవకగా కొన్న ఫలితం పోతుంది. అచ్చేసిన ధరకు మించి ఎక్కడైనా తీసుకుంటే బిల్లు పట్టుకుని 1800-111-255కు చెప్పొచ్చు. అది మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ నంబరు. బిల్లు లేకుంటే ఫిర్యాదు నిలవదు.

ప్రశ్న: మోకాళ్ళ నొప్పులకు మా అవ్వ ఒకచోట మాత్రలు కట్టించుకుంటుంది. కాగితం పొట్లంలో నాలుగు రంగుల మాత్రలు, పేర్లుండవు. నొప్పి మాత్రం మంత్రమేసినట్టు పోతుంది. ఈమధ్య ముఖం ఉబ్బింది, షుగరు పెరిగింది.
– పుత్తూరు నుంచి ఒకరు

జవాబు: మంత్రమేసినట్టు పోయిందంటేనే అనుమానించాలి. ముఖం ఉబ్బి, షుగరు పెరిగిందంటే ఆ నాలుగింటిలో ఒకటి స్టెరాయిడ్ కావచ్చు, డెక్సామెథసోన్ లాంటిది. నొప్పి బిళ్ళ ఒకటి, గ్యాసుకు ఒకటి కూడా ఉంటాయి. స్టెరాయిడ్, నొప్పి బిళ్ళ కలిస్తే కడుపులో పుండు, బీపీ, మూత్రపిండాల మీద దెబ్బ.

ఇప్పుడు కోపంతో ఒక్కసారిగా మాన్పించకండి, అది అన్నిటికంటే ముఖ్యం. వారాల తరబడి స్టెరాయిడ్ మింగితే ఒంట్లో పుట్టాల్సిన సొంత స్టెరాయిడ్ ఆగిపోతుంది. హఠాత్తుగా మానేస్తే బీపీ పడిపోయి, వాంతులై మనిషి కూలబడొచ్చు. పొట్లం పారేయకుండా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మెల్లమెల్లగా ఎలా తగ్గించాలో వాళ్ళు చెప్తారు. ఇక మీదట పేరు, బలం, బ్యాచి నంబరు, గడువు కనిపించని మాత్ర పుచ్చుకోవద్దు. స్ట్రిప్పు కత్తిరించి నాలుగే కావాలన్నా, గడువు తేదీ ఉన్న ముక్క మీకే రావాలని అడగండి. ఎదుటివాళ్ళు వినకపోతే ఔషధ నియంత్రణ శాఖ డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వొచ్చు.

ప్రశ్న: నాకు ఇన్సులిన్. అలిపిరి మెట్లెక్కాలని మొక్కు. బస్సులో, మెట్ల మీద ఇన్సులిన్ పాడవకుండా ఎలా? ఊళ్ళో ఒకసారి సిరంజి మారి కళ్ళు తిరిగాయి కూడా.
– శ్రీకాళహస్తి పాఠకుడు

జవాబు: సిరంజి సంగతి ముందు. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు రెండు బలాల్లో వస్తాయి: ఎంఎల్‌కు 40 యూనిట్లు, ఎంఎల్‌కు 100 యూనిట్లు. సిరంజీలూ రెండే, ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. 100 బలం సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో ‘20’ గీత దాకా లాగితే అది అర ఎంఎల్, అంటే 50 యూనిట్లు. రెండున్నర రెట్లు. మీకు కళ్ళు తిరిగింది దాదాపుగా దీనివల్లే అయ్యుంటుంది. సిరంజీలు కొనడానికి వెళ్ళేటప్పుడు సీసాను చేతిలో పట్టుకెళ్ళండి. అడగకుండానే రెండూ పక్కపక్కన పెట్టి చూపించే ఫార్మసిస్టు ఉన్నాడంటే, ఆ అంగడిని వదలకండి.

తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్ నడిమి అరలో ఉండాలి. ఐసు గూడు పక్కన పెడితే గడ్డకట్టి పనికిరాదు, కరిగాక మామూలుగా కనబడినా వాడకూడదు. వాడుతున్న సీసా 25–30 డిగ్రీల్లో మామూలుగా 28 రోజుల దాకా ఆగుతుంది. ఖచ్చితమైన అంకె లోపలి కాగితంలో ఉంటుంది. మే నెల శ్రీకాళహస్తి ఎండ అంతకు చాలా పైన. బస్సులోకి వెడల్పు మూతి ఫ్లాస్కు తీసుకోండి. చల్లటి నీళ్ళతో తొలిచి పారబోసి, గుడ్డలో చుట్టిన సీసా లోపల పెట్టండి. ఐసు గడ్డ నేరుగా తగలకూడదు. ఫ్రిజ్ లేని ఇళ్ళలో రెండు మట్టి కుండలు ఒకదాంట్లో ఒకటి పెట్టి, మధ్యలో తడి ఇసుక పోస్తే సరిపోతుంది. తెల్లగా కలిసే రకమైతే అరచేతుల మధ్య దొర్లించాలి, కుదపకూడదు. దొర్లించాక కూడా గడ్డలు తేలుతుంటే, గాజుకు మంచు పట్టినట్టుంటే పారేయండి.

ఇక మెట్లు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. కింద సామాను కౌంటర్లో ఇచ్చే సంచి విడిగా కొండెక్కుతుంది. ఇన్సులిన్, గ్లూకోమీటరు, బీపీ మాత్రలు అందులో పెట్టేసి ఖాళీ చేతులతో మెట్లెక్కేవాళ్ళు చాలామంది. అవన్నీ భుజాన ఉండాలి. ఉపవాసంతో ఎక్కకండి. ఆ రోజు మోతాదు తగ్గించాలా వద్దా ముందే డాక్టరును అడగండి. చెమటలు, వణుకు, గుండె దడ, తిక్కతిక్కగా మాట్లాడటం మొదలైతే కూర్చుని, 15 గ్రాముల గ్లూకోజు పొడి, అంటే సుమారు మూడు టీ చెంచాలు నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్ళీ షుగరు చూసుకోవాలి. మీరు వోగ్లిబోస్ మాత్ర కూడా వేసుకుంటుంటే చక్కెర, లడ్డు త్వరగా పనిచేయవు. ఆ మందు చక్కెర విరగడాన్నే ఆపుతుంది. అప్పుడు గ్లూకోజే కావాలి. గుండె జబ్బు ఉంటే ఈ మొక్కు బస్సులో తీర్చుకోండి, స్వామి ఏమీ అనుకోడు.

ప్రశ్న: పిల్లాడికి విరేచనాలు. అంగట్లో ఓఆర్‌ఎస్ అడిగితే స్ట్రా ఉన్న పళ్ళ రసం డబ్బా ఇచ్చారు. పొడి ప్యాకెట్టూ, అదీ ఒకటేనా?
– పలమనేరు

జవాబు: కాదు. అసలు ఓఆర్‌ఎస్ లీటరు ప్యాకెట్టులో మొత్తం 20.5 గ్రాములు: గ్లూకోజు 13.5, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. రసం డబ్బాలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. ఆ చక్కెర పేగుల్లోకి ఇంకా నీళ్ళు లాగి విరేచనాలు పెంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకు సరిపోని పానీయాల మీద ‘ఓఆర్‌ఎస్’ అన్న మాటే వాడొద్దని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. డబ్బా వెనక దినుసులు చదివే అలవాటు మాత్రం మనకే ఉండాలి.

లీటరు ప్యాకెట్టును లీటరు నీళ్ళలోనే, మొత్తం ఒక్కసారి కలపండి. సగం పొడి గ్లాసులో కలపడమే ఎక్కువగా జరిగే తప్పు. ఉప్పు ఎక్కువై పిల్లాడికి మూర్ఛ కూడా రావచ్చు. చిన్న ప్యాకెట్టు 200 ఎంఎల్‌కు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్ళ లోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారీ 50–100 ఎంఎల్, పైవాళ్ళకు 100–200, చెంచా చెంచాగా. వాంతి అయితే పది నిమిషాలాగి మళ్ళీ. దీంతోపాటు జింకు 20 మిల్లీగ్రాములు (ఆరు నెలల లోపు 10) రోజుకొకసారి 14 రోజులు. విరేచనాలు మూడో రోజే ఆగినా జింకు ఆపొద్దు. గంజి, పలచటి మజ్జిగ, తల్లిపాలు మామూలుగానే. రక్తం పడినా, కళ్ళు గుంటలు పడినా, తాగలేకపోయినా ఆసుపత్రికి.

ప్రశ్న: తొడల దగ్గర తామర. అంగట్లో ఇచ్చిన క్రీముతో రెండు రోజుల్లో దురద పోయింది, ఇప్పుడు నడుము దాకా పాకింది.
– కుప్పం

జవాబు: ట్యూబు మీద చిన్నక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్ పేర్లలో ఏదున్నా అది స్టెరాయిడ్. దురదను నొక్కేస్తుంది, బూజుకు మేత వేస్తుంది. ఈ కోవకు చెందిన 14 చర్మం పూతలను 2018లోనే చీటీ మీదే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చారు. అది ఆపి, చర్మ డాక్టరుకు చూపించండి. పాకిన తామరకు నోటి మాత్రలూ కావాలి. ఏ పూత రాసినా మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర రాయాలి, కనబడకుండా పోయాక కూడా రెండు వారాలు కొనసాగించాలి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరికీ ఒకేసారి వైద్యం. తువ్వాలు, లోదుస్తులు ఎవరివి వాళ్ళకే, ఎండలో బాగా ఆరాలి.

ప్రశ్న: కుక్క కరిచింది. టీకా అంగట్లో కొని ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకుని, ఆర్‌ఎంపీ చేత వేయించుకోవచ్చా?
– రేణిగుంట

జవాబు: ఉత్తరం రాసేలోపే మొదటి సూది పడి ఉండాల్సింది, ఇప్పుడైనా బయల్దేరండి. కరవగానే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. టీకా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. అక్కడ చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28వ రోజుల్లో ఇస్తారు. కండలోకి వేసే పద్ధతైతే 14వ రోజు కూడా ఉంటుంది. పిర్రకు మాత్రం వేయకూడదు, సరిగా పట్టదు. చర్మం చీలి రక్తం వచ్చి ఉంటే టీకా ఒక్కటే చాలదు, వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ సూది కూడా గాయం చుట్టూ వేయాలి. అది ఇంట్లో చేసే పని కాదు. బయట కొనక తప్పకపోతే ఐస్‌ప్యాక్‌తో కట్టించుకుని నేరుగా వేసేచోటికే తీసుకెళ్ళండి. కరెంటు పోయే ఇంటి ఫ్రిజ్‌ను నమ్ముకోవద్దు.

ప్రశ్న: మా ఆయనకు టీబీ, ప్రైవేటు వైద్యం. అంగట్లో పేరు, చిరునామా రాసుకుంటున్నారు. నలుగురికీ తెలిసిపోతుందని భయం.
– ఊరు రాయొద్దన్న పాఠకురాలు

జవాబు: మీ భయం అర్థమవుతుంది. టీబీ మందులు అమ్మే అంగళ్ళు ఆ వివరాలు ప్రభుత్వానికి తెలియజేయాలని 2018 మార్చి గెజిట్ ఉత్తర్వు. అది నిక్షయ్ అనే వ్యవస్థలోకి పోతుంది. అంగడి గోడ మీదికి గానీ, పక్కింటికి గానీ పోకూడదు. అందరి ముందు గట్టిగా అడుగుతుంటే ‘కాగితం మీద రాసిస్తా’ అని చెప్పండి, ఆ హక్కు మీకుంది. పేరు చేరితే మీకు లాభం కూడా. ప్రైవేటులో చూపించుకుంటున్నా పోషణకు నెలకు 1,000 రూపాయలు (2024 నవంబరు నుంచి, అంతకు ముందు 500) బ్యాంకు ఖాతాలో పడతాయి. మందులు కొనడం భారమైతే, ఒకరోజు స్టాకు లేకపోతే, ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా దొరుకుతాయి. ఒక్కరోజు కూడా తప్పించొద్దు. సందేహాలకు 1800-11-6666. రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తే గాభరా పడకండి. మీరు గర్భనిరోధక మాత్రలు వాడేవారైతే మీకు ఇబ్బంది లేదు. మందు వేసుకునే మనిషి ఆడవాళ్ళైతే మాత్రం ఆ మాత్రల పని తగ్గిపోతుంది, వేరే పద్ధతి చూడాలి.

రెండు వారాలు దాటిన దగ్గుకు అంగట్లో లెవోఫ్లోక్సాసిన్ కొని వేసుకునేవాళ్ళు ఇది చదవండి. ఆ మందు టీబీ క్రిమిని కూడా కొంత అణచి, తెమడ పరీక్షలో దొరక్కుండా దాచేస్తుంది. దగ్గు తగ్గినట్టే తగ్గి, రోగం లోపల ముదురుతుంది. ముందు తెమడ పరీక్ష, తర్వాతే మందు.

ప్రశ్న: గడువు ‘08/2026’ అంటే ఆగస్టు ఒకటితో అయిపోయినట్టా? మిగిలినవి ఎక్కడ పారేయాలి? మందు పడక దద్దుర్లొస్తే ఎవరికి చెప్పాలి?
– తిరుపతి, చిత్తూరు నుంచి పలువురు

జవాబు: ఆగస్టు 31 దాకా వాడొచ్చు. మరుగుదొడ్డిలో పోయకండి, కాల్చకండి. మాత్రలు స్ట్రిప్పులోంచి తీసి, వాడేసిన టీపొడిలోనో మట్టిలోనో కలిపి, కవరు మూతి కట్టి చెత్తలో వేయండి. పేరున్న చీటీలు చించేయండి. మందు పడకపోతే ముందు ఆపి డాక్టరుకు చూపించండి. ఆ తర్వాత 1800-180-3024కు ఫోను చేయండి. అది ఘాజియాబాద్‌లోని భారత ఔషధ సంహితా సంఘం నంబరు. తెలుగులో నింపే ఫారం కూడా ఉంది. బ్యాచి నంబరు అడుగుతారు, అందుకే స్ట్రిప్పు పారేయకండి.